ఇఖామా వెనక దాచిన పేజీ

పదకొండేళ్లుగా నా పర్సులో ఇఖామా వెనక, అంటే సౌదీలో ఉండనిచ్చే కార్డు వెనక, ఒక కాగితం మోస్తున్నాను. నాలుగు మడతల కాగితం. ఈలోగా కార్డు రెండుసార్లు మారింది, పర్సులు మూడు చిరిగాయి. కాగితం మాత్రం అలాగే ఉంది. నా భార్యకు కూడా చూపలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేను ఇక్కడ జుబైల్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీ స్టోర్‌లో గుమస్తాను. మాది జగిత్యాల వైపు. అప్పట్లో క్యాంపు గదిలో ఆరుగురం ఉండేవాళ్లం. మిగతా అయిదుగురూ వెల్డర్లు, ఫిట్టర్లు. డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కణ్ణే కాబట్టి నన్ను ‘సార్’ అనేవారు. ఆ పిలుపు నాకెంత తీపిగా ఉండేదో ఇప్పుడు చెప్పాలంటే సిగ్గేస్తుంది.

ప్లాంటు ఆపి మరమ్మతు చేసే షట్‌డౌన్ పని ముగించుకుని వెళ్లిపోయిన విదేశీ ఇంజనీరొకాయన సైటాఫీసులో లావుపాటి ఇంగ్లీషు నవల వదిలేశాడు. లేని దేశం, లేని మనుషులు. శుక్రవారం మధ్యాహ్నాలు అన్నాలయ్యాక నేను దాన్ని చూస్తూ తెలుగులో చెప్పేవాణ్ణి. పక్క గది నుంచి ఖాదర్ భాయ్ కూడా వచ్చేవాడు. కంపెనీ బస్సు డ్రైవరు, ప్రొద్దుటూరు మనిషి, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. గుమ్మంలో చెప్పుల పక్కనే కూర్చునేవాడు. నేను నీళ్లు తాగడానికి ఆగినా సరే, ‘ఆ తర్వాత?’ అనేది ఆయనే.

కథలో ఒక అమ్మాయి ఉంది. ఏటికి ఈ ఒడ్డున తను, ఆ ఒడ్డున తల్లి, మధ్యలో యుద్ధం. తల్లి రోజూ సాయంత్రం నీళ్ల దగ్గరికొచ్చి కూతుర్ని పేరు పెట్టి పిలుస్తుంది. ఆ పేరుతోనే తంటా వచ్చింది. ఎక్స్, ఐ, ఎల్, హెచ్, ఈ. దీన్ని ఏమని చదవాలి? తెలియదు. తెలియదంటే నా సార్‌గిరీ ఏం కావాలి? గొంతు సవరించుకుని ‘జిల్హ్’ అన్నాను. అదే ఖాయమైంది.

ఒక శుక్రవారం ఖాదర్ భాయ్ మెల్లగా అడ్డొచ్చాడు.

“సార్, ఆ పేరు అట్ల కాదేమో. మా యమ్మ వంకకు ఆ పక్కనుంచి నన్ను పిలుస్తాండె. ఖాదరూ... అని సాగదీస్తేనే ఇనపడేది. నువ్వు చెప్పే పేరు నోట్లోనే నిల్చిపోతాది గదా. ఏరెట్ల దాటుతాది? రాసినాయప్ప యాడన్నా చెప్పింటాడేమో చూడు సార్.”

అందరూ నా వైపు చూశారు. చూస్తానన్నాను.

ఆ వారంలోనే చూశాను. కథంతా అయిపోయాక, పుస్తకం చివర ఒక పేజీ. పేర్లు పలికే తీరు. మూడో వరుసలో ఆ అమ్మాయి ఉంది. షిల్యే. చివర సాగదీయాలట, దూరం నుంచి పిలిచినట్టు. నాకు సంతోషం కలగాలి కదా? పుస్తకం ముట్టుకోకుండానే ఒక మనిషి రాసినవాడి మనసు పట్టేశాడంటే ఎంత వింత! నాకు మాత్రం ఒళ్లు మండింది. పేజీ చింపాను. చింపినవాణ్ణి పారేయొచ్చు కదా, ఎందుకు దాచాను? ఇప్పటికీ అర్థం కాదు.

తర్వాతి శుక్రవారం ఆయన అడగనే అడిగాడు. “కనపడిందా సార్?”

“ఏం లేదు. మొత్తం తిరగేసిన. నువ్వు బస్సు నడుపు భాయ్, పుస్తకం సంగతి నాకు ఇడిసిపెట్టు.”

గది గొల్లుమంది. ఆయనా నవ్వాడు. ‘సరే సార్’ అన్నాడు. ఆ పై వారం నుంచి గుమ్మంలో ఆయన లేడు. శుక్రవారాలు బస్సులో ఏసీ వేసుకుని ఒక్కడే కూర్చుంటున్నాడని ఎవరో చెప్పారు. పిలుచుకు రావడానికి నేను వెళ్లలేదు.

రెండు నెలలకు ఆయనకు ఫైనల్ ఎగ్జిట్ వచ్చింది, ఇక తిరిగి రాకుండా ఇంటికి పోవడమే. గేటు దగ్గర తాడు కట్టిన పెట్టెతో నిలబడి, నన్ను చూసి చెయ్యి పట్టుకున్నాడు. కోపమేమీ లేదు.

“ఆ పాప ఏరు దాటిందా సార్?”

మేము నవల ముగించి అప్పటికి మూడు వారాలు. దాటిందంటే చాలు. కానీ ఎట్ల దాటిందని అడుగుతాడు. మంచు కమ్మి ఒడ్డు కనబడక, తల్లి పిలుపు వచ్చిన దిక్కుకే ఈదింది ఆ పిల్ల. అది చెబితే ఆయన మాటే నిజమని తేలిపోతుంది.

“ఇంక ఆడిదాక రాలే భాయ్” అన్నాను.

“వచ్చినప్పుడు ఫోన్ జేసి చెప్పు సార్” అని నంబరిచ్చి బస్సెక్కాడు. ఆ రోజు తోలింది వేరే డ్రైవరు.

నాలుగేళ్ల తర్వాత ఫోన్ చేశాను. ఎవరో ఆడమనిషి ఎత్తి, అలాంటివాళ్లెవరూ లేరంది.

గేటులో పాకిస్తానీ సెక్యూరిటీ నా పేరును ఒక తీరుగా, ఈజిప్టు టైమ్‌కీపర్ ఇంకో తీరుగా పిలుస్తారు. దేనికైనా పలుకుతాను. మరి పుట్టనే పుట్టని పిల్ల పేరు దగ్గర అంత పంతమెందుకు? ఇంకో సంగతి. ఆ పేజీ అడుగున రచయిత చిన్నగా రాశాడు: ఇది నేను పలికే తీరు, మీ నోటికి వచ్చినట్టు మీరు పలకవచ్చు అని. అంటే నా ‘జిల్హ్’ను ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. అది చదివాకే చింపాను.

ఇదీ నేను చేసింది. ఖాదర్ భాయ్ క్షమిస్తాడో లేదో తెలియదు, అడిగే దారి లేదు. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే. ఆయన చదవలేడు. ప్రొద్దుటూరులో ఎవరైనా ఆయనకు వినిపిస్తే ఈ రెండు ముక్కలూ గట్టిగా చదవండి.

దాటింది భాయ్. నువ్వు చెప్పినట్టే పిలిచింది వాళ్లమ్మ.