వైనరీ చరిత్రలో మా ఆవిడ చేర్చిన గుక్క

మిసోరీ నది ఒడ్డున మేము కాపురమున్న చిన్న పట్టణంలో, జర్మనీ నుంచి వలస వచ్చినవారు స్థాపించిన, వైన్ తయారుచేసే పాత వైనరీ ఒకటి ఉండేది. ఎనభైల తొలినాళ్లలో అక్కడ శని, ఆదివారాల్లో సందర్శకులకు నేలమాళిగలు చూపించే గైడ్ ఉద్యోగం ఖాళీ అయింది. మా ఆవిడ దాని మీద మనసు పడింది. వారమంతా నేను కెమిస్ట్ ఉద్యోగానికని ల్యాబ్‌కి వెళ్లాక ఆమెకు మాట్లాడటానికి టీవీ తప్ప ఎవరూ లేరు. అది జవాబు చెప్పేది కాదు.

"వైన్ ముట్టనిదానివి, దాని గొప్పతనం ఎలా చెబుతావు?" అని అడిగాను.

"చంద్రుడి మీద కాలు పెట్టకుండానే ఇండియాలో పంతులుగా ఉన్నప్పుడు క్లాసులో చంద్రుడి గురించి చెప్పలేదూ మీరు?" అంది.

ఆ ఉద్యోగానికి అసలు అడ్డంకి నేనే. అంతకుముందు సందర్శకుడిగా వెళ్లినప్పుడు, యజమానురాలు చెప్పిన ప్రతి మాటకూ ఆధారం అడిగాను. ఆవిడ స్థాపకుడి మనవరాలు, డెబ్బై దాటిన మనిషి. నేలమాళిగ వేసవిలోనూ చలికాలంలోనూ ఒకేలా చల్లగా ఉంటుందంటే, మరోసారి థర్మామీటర్‌తో వెళ్లాను. తన తాతగారు పెద్ద వైన్ పీపాను జర్మనీ నుంచి ఓడలో తెచ్చారంటే, పీపానూ గుమ్మాన్నీ టేపుతో కొలిచి, ఇది ఇందులో పట్టదని ప్రకటించాను. చెక్కలుగా తెచ్చి లోపల బిగించారని ఆవిడ వివరించింది. "చూసినవాళ్లున్నారా?" అన్నాను. అప్పుడు ఆవిడ నన్ను చూసిన చూపును కొలిచే పరికరం నా దగ్గర లేదు.

ఇంటర్వ్యూకి కారు నేనే నడపాలి. వైనరీ ముందు దిగుతూ మా ఆవిడ, "ఏమండీ, ఇవాళ ఒక్కరోజు సైన్సుని కార్లోనే కూర్చోబెట్టి రండి" అంది.

"వాళ్లు తప్పు చెబితే?"

"చెప్పనివ్వండి. మీ సొమ్మేం పోయింది?"

ప్రశ్నలన్నీ సాఫీగా సాగాయి. ఆఖరున ఆ ఇంటి ఆనవాయితీ వచ్చింది. కొత్తగా చేరేవారు తాతగారి కాలంనాటి ఒకే గ్లాసులో ఆ కుటుంబంతో కలిసి ఒక గుక్క వైన్ రుచి చూడాలి. పెద్దావిడ ఒక గుక్క తాగింది, ఆమె కొడుకు ఒక గుక్క తాగాడు, గ్లాసు మా ఆవిడ చేతికి వచ్చింది. వైన్‌కి ఆమె మనసు గట్టిచేసుకునే వచ్చింది. ఎంగిలికి కాదు.

వద్దంటే ఉద్యోగం పోతుంది. ఆమె ఒక్క క్షణం ఆ గ్లాసు అంచును చూసింది. తరువాత తల వెనక్కి వంచి, గ్లాసును జానెడెత్తున పట్టుకుని, మనవైపు మంచినీళ్లు తాగినట్టు సన్నటి ధారగా నోట్లోకి ఎత్తిపోసుకుంది. చుక్క కింద పడలేదు.

కొడుకు నోరు తెరిచాడు. పెద్దావిడ నావైపు తిరిగింది.

"మీరు సైన్సు మనిషి కదా. ఇలా పోస్తే వైన్‌కి ఏమైనా అవుతుందా?"

"గాలి కలుస్తుంది. దానివల్ల వాసన విచ్చుకోవచ్చు" అన్నాను. అంతకుమించి పరీక్షించలేదనే వాక్యం నాలిక చివరిదాకా వచ్చింది. మా ఆవిడ చెప్పు నా బొటనవేలిని తొక్కి దాన్ని ఆపింది.

పెద్దావిడ కాసేపు కళ్లు మూసుకుంది. "మా తాతగారు కూడా ఇలాగే తాగేవారేమో!" అంది. ఉద్యోగం వచ్చింది.

ఏడాది తిరిగాక, న్యూజెర్సీలోని ఎడిసన్ ఊరి నుంచి వచ్చిన స్నేహితులను ఆ వైనరీకి తీసుకెళ్లాను. చీర మీద వైనరీ ఏప్రన్ కట్టుకుని మా ఆవిడ పీపా ముందు నిలబడి ఉంది.

"గ్లాసుకు పెదవి తగలకుండా రుచి చూడటం స్థాపకుల నాటి ఆచారం" అంటూ ధార పోసుకుని చూపించింది. చప్పట్లు మోగాయి. "ఇలా పోస్తే వాసన విచ్చుకుంటుందని ఒక కెమిస్ట్ కూడా ఒప్పుకున్నారు."

నా చెయ్యి దానంతటదే లేచింది. "ఆధారం?"

"నేనే!" వెనక కుర్చీలోంచి పెద్దావిడ గొంతు. "చిన్నప్పుడు ఆయన ఒళ్లో కూర్చుని చూశాను. చుక్క కింద పడేది కాదు."

ఆ వైనరీ చరిత్ర మొత్తంలో పుట్టుకను నేను కళ్లారా చూసిన విషయం అదొక్కటే. దానికే ప్రత్యక్షసాక్షి నాకు ఎదురు నిలిచింది.

మా ఆవిడ చిరునవ్వు చెదరకుండా తెలుగులో, "ఎత్తిన చెయ్యి ఎలాగూ ఖాళీయే కదా, ఆ ట్రే అందుకోండి. అందరికీ గ్లాసులివ్వాలి" అంది.

ఇచ్చాను. సందర్శకులంతా భక్తిగా తలలు వెనక్కి వంచి, తెల్లచొక్కాల నిండా ఎర్రవైన్ పోసుకున్నారు.