సత్యవతి గారి కుడిచెయ్యి

మా వీధి చివరి కొట్టులో అరటికాయ చిప్స్ వేయించే వాసన నాకు ఇప్పటికీ పడదు. పచ్చి ముక్కలు కాగిన నూనెలో పడి, ఆ వగరు వాసన గాలిలో తేలి రాగానే అరచేతుల్లో చెమటలు పడతాయి. దాని వెనకే కొవ్వూరులో సత్యవతి గారి షెడ్డు కళ్ల ముందుకు వస్తుంది.

తొంభైల చివర్లో నేను ఆవిడ దగ్గర పనికి చేరాను. గోదావరి గట్టుకు దగ్గరలో రేకుల షెడ్డు, రెండు పొయ్యిలు, నలుగురు ఆడవాళ్లం. అంతకుముందు కాయల్ని చెక్కపీట మీద చేత్తో గీసేవాళ్లం. ఆ వేసవిలో మోటారు మిషను వచ్చింది. పైన గొట్టంలో కాయ పెడితే, లోపల గిర్రున తిరిగే బ్లేడ్లు దాన్ని పల్చగా కోసి కిందికి రాల్చేవి. "కాయను కర్రతోనే నెట్టండి. వేలు దగ్గరికి పోనివ్వకండి," అని సత్యవతి గారు రోజూ చెప్పేవారు. కరుకు మనిషే గానీ, పని మాత్రం మాతో సమానంగా చేసేవారు.

ఒక మధ్యాహ్నం గొట్టంలో కాయ ఇరుక్కుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. పోతే గంటకు గానీ రాదని మాకందరికీ ధీమా. సత్యవతి గారు మూత తీసి, ఇరుక్కున్న ముక్కను వేళ్లతో లాగుతున్నారు. నేను ఎదురుగా కూర్చుని కాయలు చెక్కు తీస్తున్నాను. స్విచ్చి వేసే ఉందన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

కరెంటు వచ్చింది.

ఆవిడ అరవలేదు. పాలు పొంగిపోతే అన్నట్టు "అయ్యో" అన్నారు, అంతే.

తువ్వాలు చుట్టి ఆటోలో రాజమండ్రి ఆసుపత్రికి బయలుదేరాం. ఆవిడ చేతిని నా రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాను. తువ్వాలు తడిసి, నెత్తురు నా మోచేతుల దాకా కారుతోంది. వంతెన ఎంతకీ అయిపోవడం లేదు.

"ఎన్ని పోయాయి పద్మా? నేను చూడలేను. నువ్వు చూసి చెప్పు."

నాకూ చూసే ధైర్యం లేదు. అయినా తువ్వాలు అంచు ఎత్తాను. "రెండండి. చూపుడువేలు, మధ్యవేలు. సగానికి."

"బొటనవేలు ఉందా?"

"ఉందండి."

"చాల్లే," అని కళ్లు మూసుకున్నారు.

ఆ తర్వాత నేను పనికి వెళ్లలేదు. ఇంట్లో కత్తిపీట ముందు కూర్చోవాలన్నా వణుకే. కూరలు మా అత్తగారే తరిగేవారు. కొన్నాళ్లకు సత్యవతి గారే మా ఇంటికి వచ్చారు. ఆ చెయ్యిని పమిట చాటున దాచుకోలేదు. అలవాటు కొద్దీ దాంతోనే మంచినీళ్ల గ్లాసు అందుకోబోయి, జారిపోతుంటే ఎడమచేత్తో పట్టుకున్నారు.

"నేను రానండి. నాకు భయం," అన్నాను.

"నాకు మాత్రం లేదేంటి? ఫ్యాను తిరిగినా గుండె దడదడలాడుతోంది. భయం లేనివాళ్లని ఆ మిషను దగ్గర పెట్టలేనమ్మా. నువ్వు దాన్ని ముట్టుకోవద్దు. ఎవరైనా లోపల చెయ్యి పెట్టేముందు ప్లగ్గు పీకి నీ చేతిలో పట్టుకో. అనుమానం వస్తే ఆపమని కేకెయ్యి. నేనైనా సరే."

వెళ్లాను. మొదటి వారంలోనే కేకేశాను. ఆవిడ మిషను కడుగుతుంటే పక్కనున్న పిండిమర మోగింది. అది మా మిషనే అనుకుని "ఆపండి!" అని అరిచాను. ఆవిడ ఎగిరిపడ్డారు. బకెట్టు దొర్లిపోయింది. చూస్తే ప్లగ్గు నా గుప్పిట్లోనే ఉంది. అందరూ నవ్వారు, నాకు ఏడుపొచ్చింది. పాలిపోయిన ముఖంతోనే సత్యవతి గారు వాళ్ల వైపు తిరిగారు. "నవ్వకండి. రేపు మీకోసం కూడా ఇలాగే అరవాలి."

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నేను ఒక హాస్టల్ వంటశాల చూసుకుంటున్నాను. అక్కడా కూరగాయలు తరిగే మిషను ఉంది. దాన్ని ఎవరు కడుగుతున్నా ప్లగ్గు పీకి పట్టుకుని పక్కనే నిలబడతాను. "మీకింత భయమేంటండీ?" అని కొత్తగా చేరిన అమ్మాయిలు అడుగుతారు. సిగ్గుపడను. "చాలా భయమమ్మా. ముందు చెయ్యి బయటికి తియ్యి, తర్వాత మాట్లాడుకుందాం," అంటాను. ఆ చెయ్యి బయటికి వచ్చి, వేళ్లన్నీ కనిపించేదాకా నాకు ఊపిరాడదు.