డిష్ మీద బరకం

మా వీధికి వైరు నెట్ ఉండేది. కొబ్బరి మట్ట ఊడిపడ్డప్పుడల్లా తెగేది. తెగిన ప్రతిసారీ కనెక్షన్ ఇచ్చినాయన "రేపొచ్చి కలిపేస్తానండి" అని ఎంతో మర్యాదగా చెప్పి, నాలుగో రోజున వచ్చేవాడు. కాలువకి చివరి ఊరు కదా, సెల్ సిగ్నల్ కూడా మా దాకా వచ్చేసరికి నీరసపడిపోయేది. విసిగిపోయి డాబా మీద శాటిలైట్ డిష్ పెట్టించాను.

మావయ్యగారికి అది మొదటిరోజు నుంచీ నచ్చలేదు. బిగించడానికి వచ్చినవాళ్లు ఫోన్ ఆకాశం వైపు ఎత్తి చూసి, కొబ్బరిచెట్టు అడ్డొస్తోంది, రెండు మట్టలు కొట్టేస్తే చాలన్నారు. "ఆ చెట్టు నేను పాతిందండి. మీ పీటే అవతలికి జరుపుకోండి," అన్నారాయన. తెల్లగా, పలకలా ఉండేసరికి ఆయన కంటికి అది భోజనాల పీటలా కనబడింది. ఆ పేరే ఖాయమైపోయింది. డిష్ డాబా రెండో మూలకి జరిగింది. ఆ తర్వాత నేనెప్పుడు లాప్‌టాప్ తెరిచినా "ఏంటమ్మా, పీట మీదకి ఇంకా ఏమీ దిగలేదా?" అని ఏడిపించేవారు. నాకు కోపం తొందరగా వస్తుంది. ఆ సంగతి ఆయనకి తెలుసు, అదే ఆయన కాలక్షేపం.

నేను లెక్కలు చెబుతాను. పన్నెండేళ్లు రోజూ రెండు బస్సులు మారి టౌన్‌లో కాలేజీకి వెళ్లొచ్చాను. నడుం పట్టేసి, ఇక ప్రయాణాలు వద్దని డాక్టరు చెప్పాక మానేశాను. ఇంటి నుంచే పాఠాలు చెప్పే ఉద్యోగం ఒకటి దొరికేలా ఉంది. ముందు ఒక క్లాసు చెప్పి చూపించాలి. ఇది కూడా పోతే ఇక పిల్లలకి లెక్కలు చెప్పే రాత నాకు లేదని ఒకసారి అన్నం వడ్డిస్తూ మావయ్యగారితో అన్నాను. ఆయన పులుసు పోయమన్నారు. విననే లేదనుకున్నాను.

క్లాసు మధ్యాహ్నం మూడింటికి. రెండో పంట, దాళ్వా కోతలు అప్పుడే అయ్యాయి. ఇంట్లో తిండికి ఉంచుకున్న ధాన్యాన్ని మావయ్యగారు ఇంటి ముందు రోడ్డు మీద ఎండబోసి కాపలా కూర్చున్నారు. నేను ప్రార్థన చేసుకుని గది తలుపు వేసుకున్నాను. క్లాసు మొదలైన పది నిమిషాలకి కిటికీ నల్లబడింది. వాన దబదబా పడింది. తెర మీద నా క్లాసు చూస్తున్న కంపెనీ మేడంగారు తెరిచిన నోరు తెరిచినట్టే ఆగిపోయారు.

వానకి డిష్ పాడవదని బిగించినవాళ్లు నాకు చెప్పారు. ఆ మాట నేను ఇంట్లో చెప్పలేదు. రౌటర్ రెండుసార్లు ఆపి వేశాను, లాభం లేకపోయింది. డాబా ఎక్కి చూస్తే డిష్ కనబడలేదు. దాని చోట నీలం మూట ఉంది. ధాన్యం రాశుల మీద కప్పే బరకం! నాలుగు మడతలు వేసి, కొబ్బరితాడుతో బిగించి, గాలికి ఎగరకుండా ఇటుకలు కూడా పేర్చారు. మడతల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి.

"మావయ్యగారండీ! ఇదేం పనండీ! ఎవరు కప్పమన్నారు మిమ్మల్ని?" అని వీధంతా వినబడేలా అరిచాను.

"తడిస్తే పాడైపోద్దని..." అని కింద నుంచి వినబడింది. మిగతాది వాన హోరులో కలిసిపోయింది. నేను వినిపించుకోలేదు. తాడు విప్పి, బరకం లాగి ఓ మూలకి విసిరేసి దిగాను.

కాసేపటికి నెట్ వచ్చింది. జుట్టులోంచి నీళ్లు కారుతున్న నన్ను చూసి మేడంగారు ఏమైందండీ అన్నారు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ నవ్వి నవ్వి, ఆగిన చోటి నుంచి పాఠం చెప్పమన్నారు. బాగా చెప్పాను. ఎప్పుడు బాగా చెబుతానో నాకు తెలుస్తుంది. చివర్లో, సోమవారం నుంచి చేరిపోండి అన్నారు.

ఆ కబురు పట్టుకుని వీధిలోకి పరిగెత్తాను. వాన వెలిసింది. మావయ్యగారు పంచె ఎగ్గట్టి, చీపురుతో నీళ్లు తోసేస్తూ ధాన్యం పోగుచేస్తున్నారు. ఎదురింటివాళ్ల ధాన్యం మీద బరకం ఉంది. పక్కింటివాళ్ల దాని మీదా ఉంది. మాదొక్కటే నీళ్లలో నానుతోంది.

"మన బరకం ఏదండీ?" అని అడుగుతుండగానే నాకు అర్థమైంది. పాతది నిరుడే చిరిగిపోయింది. ఇంట్లో బాగున్నది ఒక్కటే.

"ధాన్యానిదేముందమ్మా, రేపు ఎండలో పోసుకుంటాం," అన్నారాయన తలెత్తకుండా. "నీ పీట పాడైపోతే పిల్లలకి లెక్కలెవరు చెబుతారు?"

ఆ రోజు పులుసు పోయమన్న మనిషి అంతా విన్నారన్నమాట. నాకు ఏడుపొచ్చింది. వీధంతా వినేలా అరిచినందుకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఉద్యోగం వచ్చిందండీ అని మాత్రం చెప్పగలిగాను.

"మరింకేం. ఆ రెండో చీపురు పట్రా," అన్నారు.

ఆ ఏడాదంతా మా ఇంట్లో అన్నం కాస్త ఎర్రగా ఉండేది, ముక్కవాసన వచ్చేది. నేను ఒక్క మెతుకు కూడా పారేయలేదు.