తాళాలాయన కోటలోకి వెళ్ళిన సంగతి

తాళాలాయనకు పుట్టినప్పటినుంచీ నత్తి. మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత కొట్లో కూర్చుని తాళంచెవులు చేస్తాడు. ఆయన మాట పూర్తయ్యేదాకా ఆగే ఓపిక వచ్చేవాళ్ళెవరికీ ఉండదు. "రే..." అనగానే "రేపు రమ్మంటావు, అంతేగా?" అని వాళ్ళే అందించేస్తారు. పైగా సాయం చేశామనుకుంటారు. ఆయనకు ఒళ్ళు మండుతుంది. మండుతోందని చెప్పడానికీ మాటే కావాలి కనుక, ఆ కోపమంతా ఆకురాయి మీద చూపిస్తాడు.

ఒక మధ్యాహ్నం క్యారేజీ ఇవ్వడానికొచ్చిన మేనకోడలు తన ఫోన్లో ఒక ఆట చూపించింది.

"బొమ్మలుండవు మావయ్యా, అన్నీ అక్షరాలే. ఒక కోట. అందులో నువ్వొక మనిషివి. ఏం చేశావో, ఏమన్నావో రాసి పంపుతావు. మిగతావాళ్ళు చదివి, వాళ్ళది వాళ్ళు రాస్తారు."

"మా...మాట్లాడక్కర్లేదా?"

"రాయడమే మాట్లాడ్డం."

తన మాటను మధ్యలో ఎవరూ లాక్కోలేని చోటు ఒకటుందని తెలిశాక ఇక ఆయనకు కాలు నిలవలేదు.

కానీ లోపలికి రానివ్వాలి కదా. ముందు నలభై రెండు నియమాలు చదవాలి. మొదటిదే పెద్దక్షరాల్లో ఉంది: నీ పాత్ర గురించే రాయి, ఇంకొకరి పాత్ర ఏం చేసిందో నువ్వు రాయకు. ఆ నియమాల మధ్య ఎక్కడో ఒక రహస్యపదం దాచి పెడతారట. అది దరఖాస్తులో లేకపోతే చదవనట్టే లెక్క. తాళాలాయనకు అది కనబడలేదు, తిప్పి పంపారు. రెండోసారి పదం దొరికింది గానీ పాత్ర జీవితచరిత్ర పొట్టిగా ఉందన్నారు. లేని మనిషికి లేని తాతముత్తాతల్ని పుట్టించి, ఒంటివేలితో మూడు రోజులు టైపు చేశాడు. పంతొమ్మిది రోజుల తర్వాత, ఏదో దానం చేస్తున్నట్టు, అనుమతి వచ్చింది. అనుమతి ఇచ్చినాయన పేరు అక్కడ రాజగురువు. ఆయన బయట ఏం వెలగబెడుతున్నాడో ఎవరికీ తెలియదు.

తాళాలాయన కోటలో కూడా తాళాలవాడిగానే చేరాడు. సత్రంలోకి వెళ్ళి "అందరికీ నమస్కారం" అని రాశాడు. ఒక్కరూ పలకలేదు. పక్కబల్ల దగ్గర ఆరుగురు తమలో తాము నవ్వుకుంటూ రాసుకుంటున్నారు. మర్నాడూ అంతే. నాలుగు రోజులు అలా గడిచాయి. నోరులేని మనిషిని నోరుందన్న చోటికి పిలిచి, చెవులు మూసుకుని కూర్చున్నారు పుణ్యాత్ములు.

ఐదో రోజు బురుజు మెట్లెక్కితే పైన తాళం వేసిన తలుపుంది. దాని ముందు ఆ ఆరుగురూ నిలబడి, ఇది తెరుచుకునేదెలా అని వాపోతున్నారు. తాళాలాయనకు ప్రాణం లేచొచ్చింది. పొద్దంతా కూర్చుని రాశాడు.

"రెండు తీగలు లోపలికి పంపాను. ఒకదానితో ఒత్తిపట్టి, రెండోదానితో తాళం లోపలి పలకల్ని ఒక్కొక్కటే ఎత్తాను. ఐదోది మొరాయించింది. చుక్క నూనె వేసి మళ్ళీ ఎత్తాను. తాళం వదిలింది."

అంతే, అందరూ ఒంటికాలి మీద లేచారు. ఆ తలుపు చుట్టూ ఎనిమిది నెలలుగా కథ నడుపుతున్నారట. దాన్ని ముట్టుకోవద్దని నలభై రెండు నియమాల్లో ఎక్కడా లేదు. "కొత్తవాడివి, కొత్తవాడిలా ఉండు," అన్నాడొకడు. రాజగురువు ఆయన రాసింది చెరిపేసి, దాని స్థానంలో ఒక్క వాక్యం పెట్టాడు: "తాళాలవాడు భయంతో వెనక్కి అడుగేసి, మెట్ల మీంచి పడి చచ్చాడు." ఆ తర్వాత తాళాలాయన్ను ఆటలోంచి తీసేశారు. మొదటి నియమం రాసిపెట్టినవాడే ఆయన పాత్ర చావు రాశాడు.

మర్నాడు మేనకోడలు క్యారేజీతో వచ్చింది. ఆ ఆరుగురిలో తనూ ఒకతె. ఆట చూపించిన రోజే ఆమె పాత్ర పేరు చూశాడు కనుక ఆయనకా సంగతి ముందే తెలుసు.

"అక్కడంతే మావయ్యా. నేనూ మొదట్లో పడ్డాను."

"ను...నువ్వు ఒ...ఒక్క..."

"ఒక్క మాటైనా అనలేదేమనేగా? అందరి ముందూ నా మావయ్యవని చెప్పమంటావా?" అని, ఆయన ముఖం చూసి గొంతు తగ్గించింది. "పోనీలే. కోపం వచ్చిందా? మళ్ళీ దరఖాస్తు పెట్టవా?"

ప్రశ్న ఆమెదే, జవాబూ ఆమే ఇచ్చేసేలా ఉంది. తాళాలాయన ఆకురాయి కింద పెట్టి, చెయ్యెత్తి ఆపాడు.

"ఆ...ఆగు. నా మా...మాట నే...నేనే చెప్తా."

ఆమె అలవాటుగా నోరు తెరిచింది. ఎత్తిన చెయ్యి దిగలేదు. ఇద్దరు కస్టమర్లు వచ్చి, చూసి, విసుక్కుని వెళ్ళిపోయారు. ఆయన మెడ నరాలు ఉబ్బాయి. ఎంతసేపు పట్టాలో అంతసేపూ పట్టింది. మేనకోడలు ఫోను పక్కన పెట్టి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, చివరిదాకా విన్నది.

"నే...నేను ప...పడలేదు. తా...తాళం తీ...తీశాను."