సున్నా దగ్గరి ఖాళీ

మా టీచరమ్మ పోయిన వార్త నాకు బోనకల్ స్టేషన్లో తెలిసింది. "టీచరమ్మ లేదు బిడ్డా," అన్నాడు నాన్న ఫోన్లో. ఎక్కాల్సిన రైలు వచ్చి వెళ్లిపోయింది. బెంచీ మీదే కూర్చుండిపోయాను.

ములకలపల్లిలో ఆవిడ మా పక్కింట్లో ఉండేవారు. లెక్కలు చెప్పి రిటైరయ్యారు. నేను ఇంటర్ మొదటి సంవత్సరం లెక్కల్లో తప్పాను. సప్లిమెంటరీ కూడా పోతే చదువు మాన్పిస్తానన్నాడు నాన్న. ఆవిడే పిలిచి కూర్చోబెట్టుకున్నారు.

ఆ ఎండాకాలం మధ్యాహ్నాలు సగం నిద్రలో గడిచినట్టు గుర్తు. కిటికీకి తడిపిన గోనెపట్టా. మసక గదిలో ల్యాప్‌టాప్ వెలుగు, తెర నిండా స్ప్రెడ్‌షీట్ గళ్లు. ఒక నిలువు వరుసలో ఎక్స్ విలువలు, పక్కన సూత్రం. గడి మూల పట్టుకుని కిందికి లాగితే అంకెలు చినుకుల్లా దిగేవి.

సైన్ గ్రాఫ్ గీయమన్నారు. సున్నా నుంచి మూడువందల అరవై దాకా పది చొప్పున ఎక్స్ విలువలు ఇచ్చాను. తెర నిండా పిచ్చిగీతలు.

"ఏందే, ముళ్లకంప ఏసినవ్?" అని నవ్వారు. "నువ్వు డిగ్రీలిచ్చినవ్, అది రేడియన్లనుకున్నది. ఏ కొలతో అది అడగదు. మనమే చెప్పాలె."

మార్చాను. మెల్లగా ఒక గుట్ట లేచి, ఒక లోయ దిగింది.

ఒకటి బై ఎక్స్ గీసిన రోజు సున్నా దగ్గర గడి తప్పు చూపింది. గీత మాత్రం రెండు ముక్కలనూ నిలువునా కలిపేసింది. "ఆడ ఏం లేదు. ఉన్నట్టు కలపొద్దు," అని ఆ గడి చెరిపేశారు. ముక్కలు విడిపోయాయి. నడుమ తెల్లటి ఖాళీని ఆవిడ చాలాసేపు చూశారు. భర్త పోయిన ఏడాది అది.

బీడీలకు పోయే తునికాకు కోత మొదలైంది. ఒక సాయంత్రం నాన్న వచ్చాడు. "ఆకు కట్టలు కట్టనీకి మనుషుల్లేరు టీచరమ్మా. పిల్లను తోల్కపోత. రేపట్నుంచి రాదు."

"కూసో తమ్మీ." సైన్ అల తెరిచి, ఎక్స్‌ను గుణించే గడి చూపించారు. "దీంట్ల ఒకటున్నది గదా, రెండు కొట్టు."

"చేతులు మురికున్నయ్."

"నీ చేతులకంటే ఇదే మురికి. కొట్టు."

ఒక్క వేలితో కొట్టాడు. ఒక గుట్ట రెండు గుట్టలైంది. ఎవరూ చెప్పకుండానే మూడు కొట్టాడు. బయటనుంచి అమ్మ పిలిచింది. "వస్తన్న," అన్నాడు కదలకుండా. కాసేపటికి, "పరీక్ష అయ్యేదాక పిల్ల ఈడికే వస్తది," అన్నాడు.

ఆ పరీక్ష గట్టెక్కాను. ఆవిడను తలచుకుంటే మాత్రం ఆ గదే కనబడుతుంది: నాన్న ముఖం మీద తెర వెలుగు, నాలుగు అంకె మీద ఆగిన వేలు, అల ఏమవుతుందోనని పక్కనే ఆవిడ కూడా కొత్తగా చూస్తూ.