రేడియో సెట్ చేసింది ఎవరు?

మా ఆయన పోయిన వారం కువైట్ నుంచి వచ్చినవాళ్ల దగ్గర చిన్న డిజిటల్ రేడియో కొన్నాడు. మీడియం వేవ్‌లో హైదరాబాద్ కేంద్రం ఎంతకీ సరిగ్గా రాకపోతే విసుగొచ్చి మూలన పడేశాడు. నేను దాంతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం ముందేసుకుని మూడు మధ్యాహ్నాలు కూర్చున్నాను. బటన్ నొక్కితే అంకెలు పదేసి చొప్పున దూకుతున్నాయి, మన కేంద్రాలకు తొమ్మిదేసి చొప్పున కదలాలట. అది మార్చగానే వార్తలు స్పష్టంగా వినిపించాయి.

ఈ సాయంత్రం మా ఆయన స్నేహితుడొకడు, కోయిలకుంట్లలో ఎరువుల అంగడి నడిపేవాడు, వచ్చి, రేడియో విని మెచ్చుకున్నాడు.

"శానా కష్టపడి సెట్ చేసినాలేప్పా," అన్నాడు మా ఆయన, నేను కాఫీ ఇస్తుండగానే. నేను వంటింట్లోకి వచ్చేశాను.

"నాదీ ఇట్లాంటిదే, సరిగా పలకడంల్యా. చూడప్పా," అని స్నేహితుడు సంచిలోంచి తన రేడియో తీశాడు.

మా ఆయన నాలుగు బటన్లు నొక్కి, "ఏమే, ఈడికి రా" అని పిలిచాడు. వెళ్లి రెండు నిమిషాల్లో సరిచేసి ఇచ్చాను.

స్నేహితుడు తెగ సంబరపడ్డాడు. "మా అన్న నీకు బాగా నేర్పించినాడే వదినా!"

మా ఆయన కాదనలేదు, పైగా తలూపాడు. మీ ఇళ్లలో కూడా ఉన్నారా ఇలాంటి గురువులు?