ఎక్స్‌రే చెప్పిన చెయ్యి

డెబ్బయ్యవ దశకంలో, నా పెళ్లయిన కొత్తలో, ధర్మపురిలో బస్సు దిగుతూ జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు కానీ, వాళ్ల సిమెంటు కట్టు మీద మా అత్తకు నమ్మకం లేదు. ఫిల్ముతో సహా నన్ను పాపారపట్టిలోని ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి లాక్కుపోయింది.

ఆయన ఫిల్మును ఎండకెత్తి చాలాసేపు చూసి, "ఎడమచెయ్యి" అన్నాడు.

"నొప్పి ఈ చేతికయ్యా!" అని కుడిచెయ్యి చూపించాను.

"ఫోటోలోనే తెలిసిపోతా ఉంటే నువ్వేంది చెప్పేది? ఊరకుండు!" అని అత్త కసిరింది.

వైద్యుడు నా ఎడమచేతికి నూనె రాసి మెలితిప్పాడు. కెవ్వుమన్నాను.

"చూసినారా? విరిగింది కాబట్టే అరుస్తా ఉండాది," అన్నాడాయన.

వెదురుబద్దలతో కట్టు కట్టడం పూర్తయ్యాక, అత్త ఫిల్మును తిరగేసి చూసి గుండెలు బాదుకుంది.

"అయ్యో, వెనకపక్క కుడిచెయ్యి ఉండాది! రెండూ విరిగినాయి వైద్యరయ్యా, దానికీ కట్టండి!"

అలా బతికిపోయాను. కట్లు విప్పేదాకా నాకు అన్నం తినిపించిందీ, జడ వేసిందీ ఆ అత్తే. కుడిచెయ్యి చక్కగా అతుక్కుంది. ఇప్పటికీ డాక్టరు నా స్కాన్ చూస్తున్నంతసేపూ, నొప్పి ఉన్న చోటును గట్టిగా పట్టుకునే కూర్చుంటాను.